మ్యాన్‌పవర్ కంపెనీకి విభాగాలవారీ లెక్క తీసే పద్ధతి

భీమవరం చుట్టుపక్కల రొయ్యల ప్లాంట్లకి ఆడకూలీలు, కాకినాడ, తణుకు వైపు ఫ్యాక్టరీలకి కాంట్రాక్టు కార్మికులు, రాజమండ్రి ఆసుపత్రులకి హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ. మధ్యలో ఎవరైనా అడిగితే ఒక అకౌంటెంటునో ప్రొడక్షన్ సూపర్‌వైజరునో వెతికిపెట్టి ఫీజు. డెల్టాలో కాస్త పెద్ద మ్యాన్‌పవర్ కంపెనీ అంటే ఈ నాలుగు పనులూ ఒకే బోర్డు కింద జరుగుతుంటాయి. లాభనష్టాల పట్టీ మాత్రం ఒక్కటే. ఏడాది చివర 14 లక్షలు మిగిలిందని అది చెబుతుంది. ఏ పనిలో మిగిలిందో, ఏ పనిలో కారిపోయిందో చెప్పదు.

ఈ వ్యాపారంలో టర్నోవరు చూసి విభాగానికి మార్కులేస్తే తప్పులో కాలేసినట్టే. బిల్లులో నూటికి తొంభై పైన కూలీ, బోనస్, గ్రాట్యుటీ, పీఎఫ్, ఈఎస్‌ఐ. అది మన చేతి మీదుగా పోయే సొమ్ము. మనదనేది సర్వీస్ చార్జీ ఒక్కటే. కాబట్టి విభాగాలవారీ లెక్క రెండు విషయాలు తేల్చాలి: ఆ చార్జీలో ఖర్చులు పోను నిలిచింది ఎంత, దాన్ని సంపాదించడానికి ఎంత డబ్బు ఎన్నాళ్ళు ఇరుక్కుపోయింది.

చట్టం మాట క్లుప్తంగా

సెగ్మెంట్ రిపోర్టింగ్‌కి, అంటే విభాగాలవారీగా లెక్కలు చూపడానికి, రెండు ప్రమాణాలున్నాయి (‘ఏఎస్’ అంటే అకౌంటింగ్ స్టాండర్డ్, ‘ఇండ్ ఏఎస్’ అంటే ఇండియన్ అకౌంటింగ్ స్టాండర్డ్). లిస్టెడ్ కంపెనీలకీ, ఇండ్ ఏఎస్ పాటించే ఇతర పెద్ద కంపెనీలకీ ఇండ్ ఏఎస్ 108. మిగతావాళ్ళకి ఏఎస్ 17. అయితే 2021 నాటి అకౌంటింగ్ స్టాండర్డ్స్ రూల్స్ ప్రకారం టర్నోవరు 250 కోట్లు, అప్పులు 50 కోట్లు మించని అన్‌లిస్టెడ్ చిన్న, మధ్య తరహా కంపెనీకి ఏఎస్ 17 నుంచి మినహాయింపు ఉంది. మన ప్రాంతంలో చాలా కంపెనీలు ఈ మినహాయింపులోనే ఉంటాయి. అంటే ఆడిటరు అడగడు. అడగనంత మాత్రాన అవసరం లేదని కాదు. సర్వీస్ చార్జీ అర శాతం తగ్గించమని ప్లాంటు మేనేజరు అడిగినప్పుడు ఒప్పుకోవాలా వద్దా అన్నది ఈ లెక్క లేకపోతే తేలదు. నియమాలు మాత్రం ఏఎస్ 17 నుంచే తీసుకోండి, రేపు కంపెనీ పెరిగితే మళ్ళీ మొదటికి రానక్కర్లేదు.

ఏది విభాగం, ఏది కాదు

పని స్వభావాన్ని బట్టి విడదీయాలి, కస్టమరును బట్టీ ఊరిని బట్టీ కాదు. బిల్లు దేని మీద వేస్తున్నారో చూస్తే సగం పని అయిపోతుంది. రొయ్యల పీలింగ్ (పొట్టు తీయడం) కిలో లెక్క. ఫ్యాక్టరీ షిఫ్టు లెక్క. హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ నెలకి ఇన్ని పోస్టులని. రిక్రూట్‌మెంట్ మనిషి చేరాక ఒకేసారి ఫీజు. నాలుగింటికీ నష్టం వచ్చే దారి వేరు, బాకీ వసూలయ్యే గడువు వేరు. అందుకే నాలుగూ నాలుగు విభాగాలు. పెద్ద కంపెనీలూ ఇదే దారిలో ఉన్నాయి. టీమ్‌లీజ్ అనే లిస్టెడ్ స్టాఫింగ్ కంపెనీ తన ఫలితాల్లో జనరల్ స్టాఫింగ్, స్పెషలైజ్డ్ స్టాఫింగ్, ఇతర హెచ్‌ఆర్ సేవలు అని విడివిడిగా చూపిస్తుంది.

ఊరివారీగా చూడాలనుకుంటే అది రెండో వరస, సైట్ పేరుతో పెట్టుకోండి. జిల్లా పేరుతో పెడితే ఏమవుతుందో 2022 ఏప్రిల్ 4న తెలిసొచ్చింది. జిల్లాలు విడిపోయాక ‘తూ.గో. జిల్లా’ అన్న, ఖర్చులు విడిగా రాసుకునే పాత కాస్ట్ సెంటర్‌లో కాకినాడ, కోనసీమ, రాజమండ్రి లెక్కలు కలగాపులగమై, పాత ఏళ్ళతో పోల్చడానికి పనికిరాకుండా పోయాయి. సైటు ఎక్కడికీ పోదు.

సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్ కలిపి ఒకే విభాగం చేయొచ్చు, కానీ జీఎస్టీ దగ్గర జాగ్రత్త. బాడీ కార్పొరేట్ కాని సంస్థ, అంటే ప్రొప్రైటరో భాగస్వామ్య సంస్థో, రిజిస్టర్డ్ కస్టమరుకి సెక్యూరిటీ మనుషుల్ని ఇస్తే పన్ను కస్టమరే రివర్స్ చార్జీలో కట్టాలి. కంపెనీ ఇస్తే మామూలుగా 18 శాతం వేయాలి.

ఒక మనిషి బిల్లు దగ్గరగా చూస్తే

ఫ్యాక్టరీ విభాగంలో నెలకి 15,000 వేతనం ఉన్న ఒక కార్మికుడి బిల్లు తీసుకుందాం. యాజమాన్యం వాటా పీఎఫ్ 12, ఈడీఎల్ఐ (పీఎఫ్‌తో పాటు కట్టే బీమా) అర, అడ్మిన్ చార్జీ అర, మొత్తం 13 శాతం: 1,950. ఈఎస్‌ఐ 3.25 శాతం: 487.50. బోనస్ 8.33 శాతం: 1,249.50. గ్రాట్యుటీ 4.81 శాతం, అంటే ఏడాదికి 15 రోజుల వేతనాన్ని 26 రోజుల నెలతో లెక్కిస్తే వచ్చేది: 721.50. యూనిఫాం 150. అన్నీ కలిపితే 19,558.50. దాని మీద 6 శాతం సర్వీస్ చార్జీ 1,173.51. బిల్లు 20,732. ఆ మీద జీఎస్టీ 18 శాతం, 3,731.76.

ఇప్పుడు రివర్సులో చూడండి. కస్టమరు జీఎస్టీ కాకుండా ఉన్న బిల్లు మీద 2 శాతం టీడీఎస్ (మన పేరున ముందే కోసి కట్టే ఆదాయపు పన్ను) పట్టుకుంటాడు: దాదాపు 415. మన సర్వీస్ చార్జీయే 1,174, అందులో మూడో వంతు కంటే ఎక్కువ టీడీఎస్‌గా ఆగిపోయింది. ఇక వేతనం, పీఎఫ్, ఈఎస్‌ఐ కలిపి 17,437.50 మన జేబులోంచి ముందే పోయింది. కస్టమరు 60 రోజులకి ఇస్తే, 12 శాతం వడ్డీకి 349. జీఎస్టీ 20వ తేదీకల్లా కట్టేస్తాం కాబట్టి దాని మీద నెలన్నర వడ్డీ మరో 56. అంటే 405 వడ్డీకే పోయింది. మిగిలిన 769 లోంచి సూపర్‌వైజరు జీతం, ఆఫీసు అద్దె, మన లాభం రావాలి. ఇదే కార్మికుడికి కస్టమరు 20 రోజుల్లో డబ్బిస్తే కథ పూర్తిగా మారిపోతుంది. విభాగం లాభం సర్వీస్ చార్జీ శాతంలో కంటే వసూలు గడువులోనే ఎక్కువగా ఉంది.

బోనస్, గ్రాట్యుటీ విషయంలో ఒక పెద్ద పొరపాటు జరుగుతుంటుంది. కొందరు కస్టమర్లు వీటిని నెలనెలా బిల్లులో ఇచ్చేస్తారు. కార్మికుడికి మనం ఇచ్చేది మాత్రం పండక్కో, పని మానేసినప్పుడో. ఈలోపు ఆ సొమ్ము ఆదాయంలో పడి కూర్చుంటే విభాగం మెరిసిపోతుంది. పైన చెప్పిన బిల్లులో ఈ రెండూ కలిపి నెలకి 1,971. వంద మందికి ఏడాదికి 23 లక్షల 65 వేలు. అది లాభం కాదు, బాకీ. ప్రతి నెలా ఆయా విభాగం పేరుతో ప్రొవిజన్ పెట్టండి, అంటే ముందు ముందు ఇవ్వాల్సిన బాకీగా పక్కన రాయండి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్ల ప్రకారం ఫిక్స్‌డ్ టర్మ్ (ఇంత కాలమని ఒప్పందం మీద చేరిన) ఉద్యోగికి ఏడాది సర్వీసుకే గ్రాట్యుటీ వస్తుంది. ‘అయిదేళ్ళు ఎవడుంటాడులే’ అని వదిలేసే పాత లెక్క ఇక చెల్లదు. అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే దాటినంత వేతనంలో కలుస్తుంది కాబట్టి, బేసిక్ తక్కువ చూపించిన పాత ఒప్పందాలన్నీ ఓసారి బయటికి తీయాల్సిందే.

టాలీ సాఫ్ట్‌వేర్‌లో ఏర్పాటు

టాలీప్రైమ్‌లో ఎఫ్11 నొక్కి కాస్ట్ సెంటర్లు ఆన్ చేయండి. రెండు కాస్ట్ కేటగిరీలు చాలు: ‘విభాగం’, ‘సైట్’. విభాగం కింద ఆక్వా, ఫ్యాక్టరీ, హౌస్‌కీపింగ్, రిక్రూట్‌మెంట్, అయిదోది ‘ఉమ్మడి’. ఈ అయిదోది మర్చిపోతే ఎంట్రీ వేసే కుర్రాడు ఎటూ తోచక ప్రతి కరెంటు బిల్లునీ ఆక్వాలో పడేస్తాడు.

బిల్లు నంబరు వరస విభాగానికొకటి పెట్టండి. ‘హెచ్‌కే/26-27/0041’ తరహాలో. జీఎస్టీ బిల్లు నంబరు 16 అక్షరాలు దాటకూడదు, సైటు పేరు కూడా అందులో ఇరికించకండి. ఒకే ఆసుపత్రి హౌస్‌కీపింగూ తీసుకుని, మన ద్వారా ఇద్దరు నర్సుల్నీ పెట్టుకుంటే ఆ కస్టమరుకి రెండు లెడ్జర్లు, ఒకే జీఎస్టీ నంబరు. ఒక్క లెడ్జరులో కలిపేస్తే వచ్చిన చెక్కు ఏ బిల్లుకో తెలియక, ఎక్కడ బాకీ పాతబడుతోందో కనిపించదు. రిసీట్లన్నీ బిల్లువారీగానే కొట్టాలి, ఏ బిల్లుకో చెప్పకుండా ‘ఆన్ అకౌంట్’ వేయనివ్వకండి. టర్నోవరు అయిదు కోట్లు దాటితే ఈ-ఇన్‌వాయిస్ తప్పదు. పది కోట్లు దాటిన కంపెనీ బిల్లు తేదీ నుంచి 30 రోజుల్లోపు జీఎస్టీ ఈ-ఇన్‌వాయిస్ పోర్టల్‌లో ఎక్కించాలి.

ఖర్చు ఏ విభాగానిది

కూలీ ఖర్చు వేజ్ షీటు నుంచే విభాగానికి వెళ్ళాలి, తర్వాత పంచకూడదు. అంటే వేజ్ షీటు సైటుకొకటి. ఫ్యాక్టరీలో పనిలేక రెండు రోజులు రొయ్యల ప్లాంటుకి పంపిన మనిషి ఆ రెండు రోజులు ఆక్వా హాజరు పట్టీలో, అంటే మస్టర్‌లో ఉండాలి. మేస్త్రి కమీషన్ కూడా ఆ విభాగం ప్రత్యక్ష ఖర్చే, ‘ఇతర ఖర్చులు’ కాదు.

ఆక్వాలో డబ్బు కారే చోటు ఒకటుంది. పీలింగ్ బిల్లు కిలో లెక్క. సరుకు సరిగా రాని రోజు కిలోలు తగ్గుతాయి, మనిషి మాత్రం వచ్చి నిలబడింది. కిలోకి 15 రూపాయలు, ఆ రోజు 25 కిలోలు అనుకోండి, 375 అయింది. రోజుకి ఇవ్వాల్సిన కనీసం 500 అయితే మిగతా 125 మనమే వేయాలి. ఒప్పందంలో కనీస గ్యారంటీ రాసి ఉంటే ప్లాంటు ఇస్తుంది, లేకపోతే మన సర్వీస్ చార్జీలోంచే. ఈ తేడాకి ‘కనీస వేతన పూరింపు’ అని విడిగా లెడ్జరు పెట్టండి. కూలీలో కలిపేస్తే ఎన్నటికీ కనబడదు. విడిగా ఉంటే వచ్చే ఏడాది ఒప్పందం రాసేటప్పుడు ఆ అంకె బల్ల మీద పెట్టి మాట్లాడొచ్చు.

వ్యాన్ల ఖర్చు ట్రిప్ షీటు ప్రకారం పంచండి. నెలకి 48,000 కట్టే వ్యాను ఇంచుమించు ఒకే దూరం మీద 52 ట్రిప్పులు ప్లాంటుకి, 26 ఫ్యాక్టరీకి తిరిగితే 32,000 ఆక్వాకి, 16,000 ఫ్యాక్టరీకి. దూరాలు వేరైతే కిలోమీటర్లతో. తల సగం అని పంచితే చేయకపోవడమే మేలు.

పీఎఫ్, ఈఎస్‌ఐ రెండింటికీ గడువు వచ్చే నెల 15. ఆలస్యమైతే పడే వడ్డీ, డ్యామేజీలు ఏ సైటు మస్టర్ లేటుగా వచ్చిందో ఆ విభాగం నెత్తినే వేయండి. కార్మికుడి జీతంలో కోసిన వాటా గడువు దాటి కడితే ఆ మొత్తాన్ని ఆదాయపు పన్నులో ఖర్చుగా ఒప్పుకోరని 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు తేల్చేసింది. 2026 మార్చి దాకా ఉన్న లెక్కలకి ఆ తీర్పు ప్రకారం ఒక్క రోజు ఆలస్యమైనా ఆ సొమ్ము మీద మనమే పన్ను కట్టాలి.

నెలాఖరు కోత (కటాఫ్)

మ్యాన్‌పవర్ లెక్కలు ఎక్కువగా చెడేది ఇక్కడే. కొన్ని ప్లాంట్లు హాజరు 26 నుంచి 25 దాకా మూసేస్తాయి. మన వేజ్ షీటు 1 నుంచి 31. మార్చిలో చివరి ఆరు రోజుల కూలీ ఖర్చులో పడింది, బిల్లు ఏప్రిల్‌లో వెళ్ళింది. 200 మంది, ఆరు రోజులు, రోజుకి మొత్తం ఖర్చు 750 చొప్పున 9 లక్షలు. ఆ విభాగం మార్చిలో మునిగిపోయినట్టు కనిపిస్తుంది. చేయాల్సిందల్లా మార్చి 31న సర్వీస్ చార్జీతో సహా 9 లక్షల 54 వేలు ‘బిల్లు కాని ఆదాయం’గా ఎక్కించి, ఏప్రిల్ 1న తిప్పేయడం. పోయినేడూ ఇంతే కదా, చెల్లుకి చెల్లు అనకండి. పోయిన మార్చిలో ఆ ప్లాంటులో 80 మందే ఉంటే చెల్లదు.

కస్టమరు హాజరు తగ్గించి కోసిన మొత్తానికి క్రెడిట్ నోటు (బిల్లు తగ్గింపు పత్రం) అసలు బిల్లు నంబరు రాసి, అదే విభాగంలో వేయాలి. జీఎస్టీ తగ్గాలంటే ఆ ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 లోపు చూపించాలి.

అంకెలు కూర్చాక

లక్షల్లో ఒక నమూనా. లెక్క అర్థం కావడానికి వేసిన అంకెలివి:

| | ఆక్వా | ఫ్యాక్టరీ | హౌస్‌కీపింగ్ | రిక్రూట్‌మెంట్ | మొత్తం |
|---|---|---|---|---|---|
| బిల్లులు | 900 | 720 | 360 | 20 | 2,000 |
| కూలీ, పీఎఫ్ వగైరా | 842 | 679 | 333 | 7 | 1,861 |
| విభాగం సొంత ఖర్చులు | 34 | 15 | 20 | 4 | 73 |
| విభాగం ఫలితం | 24 | 26 | 7 | 9 | 66 |
| ఇరుక్కున్న సగటు సొమ్ము | 60 | 90 | 30 | 3 | 183 |
| దాని వడ్డీ, 12 శాతం | 7.2 | 10.8 | 3.6 | 0.36 | 21.96 |
| వడ్డీ పోను | 16.8 | 15.2 | 3.4 | 8.64 | 44.04 |

ఆ 44.04లోంచి ఉమ్మడి ఆఫీసు ఖర్చు 30 తీస్తే 14.04. ఇరుక్కున్న సొమ్ము అంటే బాకీలు, బిల్లు కాని పని కలిపి, అందులోంచి ఇంకా కట్టని జీతాలు, పీఎఫ్, జీఎస్టీ తీసేసినది. ఏడాది చివరి అంకె తీసుకోవద్దు, పన్నెండు నెలాఖరుల సగటు తీసుకోండి. మార్చిలో అందరూ వసూళ్ళ మీద పడతారు కాబట్టి ఆ ఒక్క రోజు బాకీ తక్కువగా ఉంటుంది.

ఏఎస్ 17 ప్రకారం విభాగం ఫలితంలో వడ్డీ రాదు, కాబట్టి బయటికి చూపించేది 66 వరసే. కింది రెండు వరసలు యజమాని బల్ల మీదకి. ఆ రెండే ముఖ్యం కూడా. ఫలితంలో ఫ్యాక్టరీ ముందుంది, వడ్డీ తీశాక ఆక్వా ముందుకొచ్చింది.

పది శాతం పరీక్ష ఇలా. ఆదాయం, ఫలితం, ఆస్తులు, వీటిలో ఏ ఒక్కదాంట్లో పది శాతం అందుకున్నా ఆ విభాగాన్ని విడిగా చూపాలి. ఆదాయంలో పది శాతం 200. రిక్రూట్‌మెంట్ 20 దగ్గరే ఆగిపోయింది. ఫలితంలో పది శాతం 6.6. రిక్రూట్‌మెంట్ 9తో గట్టెక్కింది. టర్నోవరులో నూటికి ఒక్క వంతు ఉన్న పని ‘ఇతరములు’లో కలిసిపోకుండా విడి విభాగం అయింది. ఏదైనా విభాగం నష్టంలో ఉంటే లాభాల విభాగాల మొత్తం ఒకవైపు, నష్టాల మొత్తం ఒకవైపు వేసి, ఏది పెద్దదైతే దానిలో పది శాతం చూడాలి. చివరికి చూపించిన విభాగాల బయటి ఆదాయం మొత్తంలో 75 శాతానికి తగ్గకూడదు.

రిక్రూట్‌మెంట్ వాళ్ళు ఫ్యాక్టరీ విభాగానికి 60 మందిని తెచ్చిపెడితే తలకి 500 చొప్పున లోపలి చార్జీ వేయొచ్చు. ఫ్యాక్టరీకి ఖర్చు, రిక్రూట్‌మెంట్‌కి ఆదాయం, మొత్తంలో మాత్రం ఆ 30,000 కొట్టేయాలి. కొట్టేయడం మర్చిపోతే విభాగాల మొత్తం కంపెనీ ఖాతాల నిల్వల పట్టీతో, అంటే ట్రయల్ బ్యాలెన్స్‌తో కలవదు.

ఇక ఉమ్మడి ఖర్చు 30 లక్షలు. దీన్ని టర్నోవరు నిష్పత్తిలో పంచాలని ప్రతివాళ్ళకీ అనిపిస్తుంది. పంచితే హౌస్‌కీపింగ్‌కి 5.4 పడి, 3.4 లాభం కాస్తా 2 లక్షల నష్టమవుతుంది. అది చూసి మూసేస్తే ఆఫీసు అద్దె తగ్గదు, అకౌంటెంటు జీతం తగ్గదు. పోయేది 3.4 లక్షల ఆదాయమే. ఉమ్మడిని ఉమ్మడిగానే ఉంచండి.

టీడీఎస్ అనే గుదిబండ

20 కోట్ల బిల్లుల మీద టీడీఎస్ దాదాపు 40 లక్షలు. కంపెనీ లాభం 14 లక్షలు. 25.17 శాతం రేటు ఎంచుకుంటే పన్ను మూడున్నర లక్షలు. మిగతాదంతా రిటర్ను ప్రాసెస్ అయి రీఫండ్ వచ్చేదాకా ఆగిన సొమ్మే. ఆదాయపు పన్ను ఆస్తి కాబట్టి ప్రమాణం ప్రకారం విభాగం ఆస్తుల్లో చేర్చకూడదు, పై పట్టికలోనూ లేదు. కానీ లోపలి కాగితంలో విభాగాలవారీగా విడిగా రాసుకోండి. తక్కువ రేటుతో కోయడానికి సర్టిఫికెట్ కోసం ఆదాయపు పన్ను శాఖకి దరఖాస్తు చేసేటప్పుడు ఏ కస్టమరు దగ్గర ఎంత కోత పడుతుందో ఇదే చెబుతుంది. కంపెనీ ఉద్యమ్ (చిన్న సంస్థలకి కేంద్రం ఇచ్చే) నమోదు ఉన్న సూక్ష్మ లేదా చిన్న సంస్థ అయితే ఆ నంబరు బిల్లు మీద అచ్చు వేయించండి. ఒప్పందం ఏదున్నా 45 రోజులు మించకుండా చెల్లించాలన్న చట్టం మాట కొనేవాళ్ళ అకౌంట్స్ సెక్షన్‌కి గుర్తుకొస్తుంది.

ఏ నెలతో పోల్చాలి

పోయిన నెలతో పోల్చకండి, పోయినేడు ఇదే నెలతో పోల్చండి. సంక్రాంతి వారం హాజరు సగానికి పడిపోతుంది, అది ఎవరి తప్పూ కాదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో సముద్రపు వేట నిషేధం. సముద్రపు సరుకు మీద నడిచే ప్లాంటుకి ఆ రెండు నెలలు పని తగ్గుతుంది, చెరువు రొయ్య మీద నడిచేదానికి అంత తేడా రాదు. ఈ రెండు రకాల ప్లాంట్లనూ ఆక్వా విభాగంలోనే సైటువారీగా విడదీసి చూస్తే మే నెల అంకె చూసి గాభరా పడాల్సిన పని ఉండదు.

నెలవారీ కాగితం వచ్చే నెల 22కి బల్ల మీదకి రావాలి. 7న జీతాలు, 15న పీఎఫ్, ఈఎస్‌ఐ, 20న జీఎస్టీ అయిపోతాయి కాబట్టి అప్పటికి అన్ని అంకెలూ చేతిలో ఉంటాయి. విభాగాల మొత్తం, ఉమ్మడి ఖర్చు కలిపి ట్రయల్ బ్యాలెన్స్‌తో రూపాయికి రూపాయి కలవాలి. కలవకపోతే ముందు ‘ఉమ్మడి’లో వెతకండి, ఆ తర్వాత క్రెడిట్ నోట్లలో. మధ్యలో విభాగాలు మార్చాల్సి వస్తే, ఉదాహరణకి సెక్యూరిటీని హౌస్‌కీపింగ్ నుంచి విడదీస్తే, పోయినేడు అంకెలు కూడా కొత్త పద్ధతిలో తిరగరాసి పక్కనే పెట్టండి.